జామీనుదారు లేని మనిషి

సంగారెడ్డి పట్టణమున ఒక పాత జైలు కలదు. అది 1796లో కట్టబడినదని చెప్పుదురు. నిజాముల కాలము నుండి మన కాలము వరకు ఎందరో ఖైదీలు ఆ గోడల నడుమ దినములు లెక్కించిరి. ఖైదీలను కందిలోని కొత్త జైలునకు తరలించిన పిమ్మట, 2016లో జైళ్ల శాఖవారు ఆ పాత కట్టడమును ప్రదర్శనశాలగా మార్చిరి. దానితోపాటు ఒక వింత యేర్పాటును గూడ గావించిరి. జైలు జీవితమెట్లుండునో తెలిసికొనగోరువారు ఐదు వందల రూపాయలు చెల్లించినచో, ఖైదీ దుస్తులు ధరించి, ఖైదీల నియమములను పాటించుచు ఇరువది నాలుగు గంటలు అచ్చట గడపి, మరునాడు ఇంటికి పోవచ్చునని ప్రకటించిరి.

జైలున ఒక దినముండుటకు సొమ్ము చెల్లించువారు లోకమున ఉందురన్నమాట. వారికి తెలియని మనుష్యులు మరికొందరు కలరు. వారికి న్యాయస్థానము బెయిలు నిచ్చియుండును. విడుదల చేయుమను ఉత్తరువుపై న్యాయాధికారి సంతకమును పడియుండును. అయినను వారు కదలలేరు. ఏలయన వారి కొరకు ఆస్తి కాగితము పట్టుకొని కోర్టు గుమ్మమెక్కి, వీనికి నేను పూచీ యని చెప్పు మనిషి లేడు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారము 2022 సంవత్సరాంతమున దేశములోని జైళ్లలో 5,73,220 మంది ఉండిరి. వీరిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా నలుగురు ఖైదీలలో ముగ్గురు ఇంకను దోషులుగా నిర్ణయింపబడనివారు. ఆ జైళ్లన్నియు కలిసి 4,36,266 మందికి మాత్రమే సరిపడునవి. వీరిలో ఘోరనేరముల ఆరోపణలు గలవారును ఉన్నారు. చిన్న నేరము మోపబడి, పేదరికమువలన నిలిచిపోయినవారును ఉన్నారు. చట్టసభలలో బెయిలును గూర్చియు, శిక్షలను గూర్చియు జరుగు చర్చల ఫలము ఈ రెండవ తరగతి వారికి ఎంతవరకు చేరినదను ప్రశ్న చదువుకొన్న ప్రతివాడును వేసికొనదగినది.

ఒకే ఉత్తరువు, రెండు ఫలితములు

సంగారెడ్డి మండలములోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటను ఒక ఉదాహరణముగా తీసికొందము. సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వరకు వ్యాపించిన పారిశ్రామిక ప్రాంతమునకు సమీపముననున్న పల్లె యది. ఈ ప్రాంతపు కర్మాగారములలో చుట్టుపట్ల గ్రామముల యువకులును, బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మున్నగు రాష్ట్రముల నుండి వచ్చిన కూలీలును ప్రక్కప్రక్కన పనిచేయుచుందురు.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతు కుమారుడొకడును, బీహారు నుండి వచ్చి అద్దె గదిలో నుండు కూలీ యొకడును స్నేహితులనుకొందము. వీధిలో నిలిపిన ఒక మోటారు సైకిలును దొంగిలించిరని వారిద్దరిపైన ఒకే కేసు పెట్టిరనుకొందము. ఇద్దరికిని అది మొదటి కేసు. పదునైదు దినముల పిమ్మట మేజిస్ట్రేటు ఇద్దరికిని బెయిలు మంజూరు చేసి, ఒక్కొక్కడు పదివేల రూపాయలకు సొంత పూచీకత్తు వ్రాసి, అంతే మొత్తమునకు ఇద్దరేసి జామీనుదారులను చూపవలయునని ఉత్తరువు చేసెననుకొందము. ఇది ఊహించిన కథ. అయినను ఇట్టి ఉత్తరువులు మన కోర్టులలో ప్రతిదినము వెలువడునవే.

ఉత్తరువు ఒక్కటే. దానిలో పక్షపాతము లేదు. రైతు కుమారుని కొరకు మేనమామ పట్టాదారు పాసుపుస్తకమును, పెదనాన్న ఇంటిపన్ను రసీదును పట్టుకొని వచ్చిరి. సాయంకాలమునకు వాడు ఇల్లు చేరెను. బీహారు కూలీకి ఈ జిల్లాలో సెంటు భూమి లేదు. భూమి గల బంధువును లేడు. వాని తండ్రికి స్వగ్రామమున కొద్దిపాటి పొలమున్నను, వేయి మైళ్ల దూరముననున్న ఆ కాగితమును ఇచ్చటి కోర్టువారు పరిశీలించుటెట్లు? అద్దె యిచ్చిన యింటి యజమాని ముందుకు రాడు. తోటి కూలీలకు సంతకము చేయుటకు చేతులున్నవి గాని, చూపుటకు ఆస్తి లేదు. ఇక మిగిలినది కోర్టు ఆవరణలలో కూలికి దొరకు కిరాయి జామీనుదారు. వానికి ఇచ్చుటకును సొమ్ము కావలయును.

ఈ రీతిగా చట్టమునకు ముందు సమానులైన యిద్దరిలో ఒకడు ఇంటను, ఒకడు జైలునను ఉండిరి. నేరము ఎవరు చేసిరో, అసలు చేసిరో లేదో ఇంకను తేలలేదు. తేలినది ఒక్కటే: ఒకనికి మేనమామ కలడు, రెండవవానికి లేడు.

పూటకాపు కథ

పూచీ పడుట మన దేశమునకు ఆంగ్లేయులు తెచ్చిన ఆచారము కాదు. జామీను అను మాట పారసీకము నుండి రాకముందే తెలుగున పూటపడుట యను మాట కలదు. అట్లు పూటపడువానిని పూటకాపు అనెడివారు. యాజ్ఞవల్క్యస్మృతి పూచీని మూడు విధములుగ విభజించినది. మనిషిని సమయమునకు తెచ్చి చూపుదునని పడునది మొదటిది; వీడు నమ్మదగినవాడని పడునది రెండవది; వీడు ఇవ్వనిచో నేనిత్తునని పడునది మూడవది. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానమును రచించిన విజ్ఞానేశ్వరుడు చాళుక్య విక్రమాదిత్యుని కల్యాణ నగరమున నివసించినవాడు. నేటి బసవకల్యాణమే ఆ నగరము. సంగారెడ్డి నుండి జహీరాబాదు మీదుగా పడమటికి పోవు మార్గమున అంత దూరమైనది కాదు. పదుమూడవ శతాబ్దమున కేతన కవి ఆ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించి, తెలుగువారికి పద్యములలో ధర్మశాస్త్రమును అందించెను.

ఆ ప్రాచీనులకును ఈ చిక్కు తెలియును. వ్యాజ్యమాడువానికి తగిన పూటకాపు దొరకనిచో ఏమి చేయవలయును? కాత్యాయనుడు సమాధానము చెప్పినాడు. వానిని కావలిలో ఉంచవలయును. దినము ముగిసిన తరువాత ఆ కావలివానికి కూలి వాడే చెల్లించవలయును. తన్ను బంధించినవానికి తానే వేతనమిచ్చుటన్నమాట. నేటి కూలీ కావలివానికి వేతనమీయడు గాని, జైలులోనున్న ప్రతిదినమును తన దినకూలిని పోగొట్టుకొనును. పని పోవును, అద్దె గది పోవును, ఇంటికి పంపు సొమ్ము ఆగిపోవును. ధర ఒక్కటే, చెల్లించు తీరు మారినది.

అయినను ఆనాటి మూడు విధములలో మొదటిదానిని గమనింపవలయును. మనిషిని తెచ్చి చూపుటయే దాని ప్రయోజనము. నిందితుడు విచారణకు హాజరగుటయే బెయిలు యొక్క ముఖ్యోద్దేశ్యము. పారిపోకుండుటకును, సాక్షులను బెదిరింపకుండుటకును హామీ దొరికినచో ఆ పని నెరవేరినట్లే. ఆస్తి ఆ హామీకి ఒక సాధనము మాత్రమే. కాలక్రమమున సాధనమే సాధ్యమై కూర్చున్నది.

న్యాయస్థానములు చెప్పినది

1898 నాటి నేరవిచారణ స్మృతి బ్రిటిషు ఇండియాలో అర్ధ శతాబ్దము నడచినది. నిజాము రాజ్యమునకు ప్రత్యేక శాసనములుండెడివి. హైదరాబాదు రాష్ట్రమునకు కేంద్ర స్మృతి 1951లో వర్తింపజేయబడెను. ఆ పాత స్మృతి స్థానమున పార్లమెంటు 1973లో కొత్త స్మృతిని ఆమోదించినది. 1974 ఏప్రిల్ 1వ తేదీన అది అమలులోనికి వచ్చెను. బెయిలు ఎప్పుడీయవలయునో చెప్పిన ఆ శాసనము, బెయిలనగా నేమో నిర్వచింపలేదు. ఆ లోటును న్యాయమూర్తులు పూరింపవలసివచ్చినది.

దీనికి మొదటి మెట్టు తెలుగునాటి కేసే. గుడికంటి నరసింహులు కేసుగా న్యాయవాదులెల్లరు నెరిగిన ఆ వ్యాజ్యమున, క్రిందికోర్టు నిర్దోషులని విడిచినవారిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దోషులుగా నిర్ణయించెను. వారు సుప్రీంకోర్టునకు అప్పీలు చేసికొని, ఈలోగా బెయిలు వేడిరి. 1977లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ వారి ప్రార్థనను అంగీకరించుచు, బెయిలు ఇచ్చుటయు నిరాకరించుటయు న్యాయాధికారి మనోభావమునకు వదలదగిన విషయము కాదనియు, విచక్షణ యనునది సూత్రములకు లోబడి నడువవలయుననియు తీర్పు చెప్పెను. జైలులో ఉంచుట శిక్షవంటిది కావున, దానికి బలమైన కారణముండవలయునని ఆయన వాదము.

మరుసటి సంవత్సరము మోతీరాం కేసు వచ్చెను. మధ్యప్రదేశ్ కు చెందిన ఒక పేద తాపీపనివాడు. సుప్రీంకోర్టు వానికి బెయిలు మంజూరు చేసినను, క్రింది మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరెను. వాని సోదరుడు జామీనుగా రాగా, ఆస్తి మరియొక జిల్లాలో నున్నదని త్రోసిపుచ్చెను. వాడు మరల సుప్రీంకోర్టు మెట్లెక్కవలసివచ్చినది. కృష్ణయ్యర్ వానిని వేయి రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయించుచు ఒక ప్రశ్న వేసెను. తెలుగువాడో, తమిళుడో, కన్నడిగుడో, మలయాళీయో దూరమున బస్తరులోనో, పోర్టుబ్లెయిరులోనో, ఢిల్లీ చాందినీచౌకులోనో పట్టుబడినచో, అచ్చట ఆస్తిగల జామీనుదారును ఎక్కడినుండి తెచ్చునని ఆయన అడిగెను. పొట్టకూటికై పరదేశములు పోవు తెలుగువారిని తలచి అడిగిన ఆ ప్రశ్న నేడు తిరిగి వచ్చి పటాన్‌చెరు వాకిట నిలిచినది. నేడు పరదేశి బీహారువాడు, ఒడిశావాడు. జామీను కోరునది మన కోర్టు.

1979 జనవరిలో కె. ఎఫ్. రుస్తుంజీ బీహారు జైళ్ల స్థితిని గూర్చి ఒక ఆంగ్ల దినపత్రికలో వ్రాసెను. శిక్ష పడినను అనుభవింపవలసిన కాలముకంటె నెక్కువకాలము విచారణ లేకయే జైలులోనున్నవారి సంగతి అందు వెల్లడియైనది. న్యాయవాది పుష్పా కపిలా హింగోరానీ ఆ వ్యాసమును పట్టుకొని సుప్రీంకోర్టును ఆశ్రయించినది. హుస్సైనారా ఖాతూన్ కేసుగా ప్రసిద్ధమైన దీనిలో జస్టిస్ పి. ఎన్. భగవతి, త్వరితముగా విచారణ పొందుట జీవితస్వేచ్ఛలకు సంబంధించిన 21వ అధికరణములో నిమిడియున్న హక్కని నిర్ణయించెను. నిందితుని నివాసము, ఉద్యోగము, కుటుంబము, పూర్వచరిత్ర మున్నగువానిని చూచి, పారిపోవునను భయము లేనిచో సొంత పూచీకత్తుపైననే విడువవచ్చునని మార్గము చూపెను. పత్రికలో వచ్చిన ఒక వ్యాసము వేలమంది ఖైదీలకు తలుపు తెరచుటకు కారణమైనది.

పార్లమెంటు చెప్పినది

న్యాయస్థానము చెప్పిన మాట చట్టపుస్తకమున చేరుటకు కాల్ శతాబ్దము పట్టెను. 2005లో పార్లమెంటు చేసిన సవరణ రెండు విధముల మేలుచేసెను. బెయిలు హక్కుగా దొరకు నేరములలో, అరెస్టయిన వారము దినములలో జామీను చూపలేనివానిని పేదవానిగా భావించి, సొంత పూచీకత్తుపైననే విడిచిపెట్టవలయుననుట మొదటిది. మరణశిక్షకు తగిన నేరములు తప్ప తక్కినవానిలో, గరిష్ఠ శిక్షాకాలమున సగము జైలులో గడపిన విచారణ ఖైదీని సామాన్యముగా విడుదల చేయవలయుననుట రెండవది. ఈ రెండవ నిబంధనయే 436-ఎ సెక్షనుగా ప్రసిద్ధి చెందినది.

పిమ్మట 2023లో స్మృతినే మార్చు ప్రయత్నము జరిగెను. ఆ సంవత్సరము ఆగస్టు 11న హోంమంత్రి అమిత్ షా లోకసభలో మూడు బిల్లులు ప్రవేశపెట్టెను. అవి బ్రిజ్‌లాల్ అధ్యక్షుడుగానున్న స్థాయీసంఘమునకు పంపబడినవి. కొందరు సభ్యులు అసమ్మతి పత్రములు సమర్పించిరి. డిసెంబరు 12న సవరించిన బిల్లులు మరల వచ్చినవి. 20వ తేదీన లోకసభయు, 21వ తేదీన రాజ్యసభయు వానిని ఆమోదించినవి. 25వ తేదీన రాష్ట్రపతి ఆమోదముద్ర పడెను. 2024 జూలై 1 నుండి అవి అమలులోనికి వచ్చినవి.

పరపాలకులు చేసిన శాసనములలో శిక్షకే ప్రాధాన్యముండెననియు, కొత్త శాసనములు న్యాయమునకు ప్రాధాన్యమిచ్చుచున్నవనియు ప్రభుత్వపక్షము వాదించెను. హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ బిల్లులను ప్రతిఘటించుచు, విచారణ ఖైదీలలో ముస్లిములు, దళితులు, ఆదివాసులు విశేషముగ నుండుటను ప్రస్తావించెను. పదునైదు దినముల పోలీసు కస్టడీని ముక్కలుగా విభజించి నలుబది లేక అరువది దినముల వ్యవధిలో ఎప్పుడైనను కోరవచ్చునను కొత్త నిబంధన బెయిలునకు అడ్డమగునని విమర్శకులు భయపడిరి. అయితే ఆ సమావేశములలో ఉభయసభల నుండి కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండు చేయబడియుండిరి. ఇంతటి శాసనమునకు తగిన వాదప్రతివాదములు సభలో జరుగలేదను బాధ చట్టజ్ఞులలో పలువురికి మిగిలినది.

ఇంకొక సంగతి కలదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట యున్న సంగారెడ్డియు, పటాన్‌చెరును మెదక్ లోకసభ నియోజకవర్గములోనివి. ఆ స్థానపు సభ్యుడు కొత్త ప్రభాకరరెడ్డి అదే నెలలో దుబ్బాక నుండి శాసనసభకు ఎన్నికై లోకసభ సభ్యత్వమును వదలుకొనెను. కావున దేశపు నేరవిచారణ స్మృతి మారిన దినమున ఈ పల్లెకు లోకసభలో ప్రతినిధియే లేడు. ఇది ఎవరి తప్పును కాదు. కాలము కలిసిరాకుండుట మాత్రమే. కాని పాఠశాలలో పౌరశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు పిల్లలకు చెప్పదగిన విషయము.

మూడు మాటల నిర్వచనము

భారతీయ నాగరిక సురక్షా సంహిత యను ఈ కొత్త స్మృతిలో మెచ్చదగిన అంశమొకటి అంతగా ఎవరి దృష్టికిని రాలేదు. బెయిలు, బాండు, బెయిలు బాండు అను మూడు మాటలను అది మొదటిసారిగా విడివిడిగా నిర్వచించినది. బాండనగా జామీనుదారు లేకుండ నిందితుడే వ్రాయు సొంత పూచీకత్తు. బెయిలు బాండనగా జామీనుదారుతో కూడినది. ఈ రెండింటిలో దేనిపైనైనను షరతులతో విడుదల చేయుటయే బెయిలు.

ఈ భేదము తెలిసినవానికి 479వ సెక్షను యొక్క విలువ బోధపడును. సామాన్యముగా విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో సగము గడచిన పిమ్మట బెయిలుపై విడుదల కావలయును. కాని పూర్వమెన్నడును శిక్షపడనివాడైనచో, మూడవ వంతు గడవగానే బాండుపై విడుదల కావలయును. అనగా వానికి జామీనుదారుతో పని లేదు. కాలము నిండగానే విడుదలకై కోర్టునకు దరఖాస్తు చేయు బాధ్యత జైలు సూపరింటెండెంటుపై మోపబడినది.

మన ఉదాహరణమునకు దీనిని అన్వయింతము. దొంగతనమునకు గరిష్ఠ శిక్ష మూడు సంవత్సరములు. మూడవ వంతు ఒక సంవత్సరము. కాబట్టి బీహారు కూలీ సంవత్సరము గడచిన పిమ్మట ఎవరి సంతకమును లేకుండ వెలుపలికి రాగలడు. రైతు కుమారుడు పదునైదవ దినమున వచ్చెను. నడుమనున్న మూడు వందల ఏబది దినములు జామీనుదారు లేని లోటునకు వాడు చెల్లించిన సుంకము.

ఈ సెక్షనులో ఇరుకు దారులును లేకపోలేదు. పూర్వపు శాసనము మరణశిక్షకు తగిన నేరములను మాత్రమే మినహాయింపగా, కొత్త శాసనము యావజ్జీవ శిక్షకు తగిన నేరములను గూడ మినహాయించినది. అంతేకాదు, ఒకటికంటె నెక్కువ నేరములలోనో కేసులలోనో విచారణ నడచుచున్నవానికి ఈ మేలు లేదు. పోలీసువారు ఒకే సంఘటనకు రెండు మూడు సెక్షనులు చేర్చుట సాధారణము. దొంగతనముతోపాటు ఇల్లు చొరబడినను నేరమును గూడ చేర్చినచో, ఆ కూలీకి ఈ తలుపును మూసికొనిపోవచ్చునని విమర్శకుల భయము.

శిక్షల సంగతి

బెయిలు విచారణకు ముందరి మాట. శిక్ష తరువాతి మాట. ఈ రెంటికిని సంబంధము కలదు. చిన్న నేరమునకు జైలుశిక్షయే గతియైనచో విచారణకాలమునను జైలే గతియగును. శిక్షలను గూర్చిన చట్టసభల ఆలోచన కాలముతో మారుచు వచ్చినది. 1955కు పూర్వము హత్యకేసులో మరణశిక్ష విధింపనిచో న్యాయాధికారి కారణములు వ్రాయవలసియుండెను. 1955లో పార్లమెంటు ఆ నియమమును తొలగించినది. 1973 స్మృతి దానిని తలక్రిందులు చేసి, మరణశిక్ష విధించినచోనే ప్రత్యేక కారణములు వ్రాయవలయుననెను. శిక్షను గూర్చి దోషి మాటను వేరుగ వినవలయుననియు విధించెను. ఆ స్మృతి అమలుకు రాకముందే, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ నుండి అప్పీలుకు వచ్చిన ఒక యువతి మరణశిక్షను కృష్ణయ్యర్ యావజ్జీవ శిక్షగా మార్చుచు, ఆమె వయస్సును, పసిబిడ్డను, జీవితపు కష్టములను లెక్కలోనికి తీసికొనెను. నేరమును మాత్రమేకాక నేరస్థుని గూడ చూడవలయునను దృష్టికి అది సాక్ష్యము.

2023 శాసనములు ఆ మార్గమున ఒక అడుగు వేసి, ఆరు చిన్న నేరములకు సమాజసేవను శిక్షగా చేర్చినవి. ఐదువేల రూపాయలకు తక్కువ విలువగల వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు దానిని తిరిగి ఇచ్చినచో సమాజసేవయే వాని శిక్ష. మద్యపానముతో బహిరంగముగా అల్లరి చేయుట, పరువునష్టము మున్నగునవి తక్కినవానిలో కొన్ని. ఒక పాఠశాల ఆవరణను శుభ్రపరచుట జైలుగదిలో ముడుచుకొని కూర్చుండుటకంటె వానికిని, ఊరికిని మేలు. అయితే ఎట్టి పనులు చేయింపవలయును, ఎవరు పర్యవేక్షింపవలయునను విషయమున చట్టము ఇచ్చిన వివరము స్వల్పము.

కాగితము నుండి గది తలుపు వరకు

మంచి నిబంధన పుస్తకములోనుండుట వేరు, జైలుగది తలుపు వరకు వచ్చుట వేరు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పేద ఖైదీల స్థితిని గూర్చి ఆవేదనతో మాటలాడెను. పిమ్మట సుప్రీంకోర్టు విచారింపగా, బెయిలు వచ్చియు విడుదల కాని ఖైదీలు సుమారు ఐదువేలమంది యున్నట్లు వెల్లడియైనది. 2023 జనవరి 31న ఆ న్యాయస్థానము చేసిన నిర్దేశములు పేదవానికి ఆయుధములవంటివి. బెయిలు ఉత్తరువు ప్రతి ఖైదీకి వెంటనే అందవలయును. ఏడు దినములలో విడుదల కానిచో జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలుపవలయును. నెల గడచినను జామీను చూపలేనిచో షరతును సడలించు విషయము కోర్టు తానై పరిశీలింపవచ్చును. స్థానిక జామీనుదారే కావలయునను పట్టుదల ఆలస్యమునకు కారణము కావున, ఇట్టి కేసులలో కోర్టులు ఆ షరతును విధింపకుండవచ్చును.

అదే సంవత్సరము కేంద్ర ప్రభుత్వము పేద ఖైదీలకు సహాయ పథకమును ప్రకటించినది. విచారణ ఖైదీకి బెయిలు సొమ్ముకొరకు నలుబది వేల రూపాయల వరకును, జరిమానా కట్టలేని దోషికి ఇరువదియైదు వేల రూపాయల వరకును జిల్లా సంఘము మంజూరు చేయవచ్చునని అప్పుడు నిర్ణయించిరి. 2024 ఆగస్టు 23న జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ సందీప్ మెహతా సుప్రీంకోర్టున, 479వ సెక్షను మేలు 2024 జూలైకు ముందరి కేసులలోని ఖైదీలకును వర్తించునని స్పష్టము చేసిరి. వీరిలో హిమా కోహ్లీ 2021లో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు.

ఇన్ని యున్నను, వీనిలో ప్రతియొక్కదానికిని ఎవరో ఒకరు కదలవలయును. సూపరింటెండెంటు లెక్క చూడవలయును. న్యాయసేవాధికార సంస్థవారు జైలుకు పోవలయును. న్యాయవాది దరఖాస్తు వేయవలయును. మేజిస్ట్రేటు మోతీరాం తీర్పును జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. కదలు మనిషి లేనివానికొరకే ఈ నియమములు పుట్టినవి. అవియు మనిషి కదలనిదే కదలవు.

ఎదుటివారి వాదము

ఇచ్చట మరియొక పక్షమును వినవలయును. మోటారు సైకిలు పోగొట్టుకొన్నవాడును పేదవాడే కావచ్చును. దాని వాయిదాలు ఇంకను చెల్లించుచుండవచ్చును. జామీను లేకుండ విడిచినవాడు రైలెక్కి స్వగ్రామమునకు పోయినచో మరల ఎవరు పట్టి తెత్తురు? కేసు ఏండ్లతరబడి మూలబడును. సాక్షులును భయపడుదురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు.

అయితే దీనికి సమాధానము అనుభవముననే దొరకును. 1961లో న్యూయార్కు నగరమున ఒక సంస్థవారు నిందితుల నివాసమును, ఉద్యోగమును, కుటుంబ సంబంధములను విచారించి, ఊరితో బంధముగలవారిని సొమ్ము లేకుండ విడుదల చేయుడని సిఫారసు చేసిరి. అట్లు విడుదలైనవారు మిక్కిలి అధికముగ కోర్టునకు తిరిగివచ్చిరి. ఆ అనుభవమే 1966లో అమెరికా బెయిలు సంస్కరణ శాసనమునకు దారితీసినది. బ్రిటను 1976లో బెయిలునకు ప్రత్యేక శాసనమునే చేసినది. ఇల్లినాయి రాష్ట్రము 2023 సెప్టెంబరులో సొమ్ముతో కూడిన బెయిలును పూర్తిగా తొలగించినది. మన సుప్రీంకోర్టును 2022 జూలైలో సతేందర్ కుమార్ అంతిల్ కేసున, బెయిలునకు ప్రత్యేక శాసనము చేయు విషయము ఆలోచింపుమని కేంద్రమునకు సూచించినది. 2023 నాటి బిల్లులలో అట్టి ప్రత్యేక శాసనము రాలేదు.

పటాన్‌చెరు కూలీకిని ఊరితో బంధము లేకపోలేదు. వాని హాజరుపట్టీ కర్మాగారమున నున్నది. అద్దె రసీదు గదిలో నున్నది. బిడ్డ పేరు సర్కారు బడి రిజిస్టరులో నుండవచ్చును. ఇవి ఆస్తి కాగితములు కావు గాని, మనిషి ఎచ్చట నున్నాడో చెప్పు కాగితములు. హాజరుకు హామీ కోరు కోర్టునకు పాసుపుస్తకముకంటె ఇవియే ఎక్కువ చెప్పగలవు.

చేయదగిన పని

ఉపాధ్యాయుల చేతిలోను, విద్యార్థుల చేతిలోను శాసనములు చేయు అధికారము లేదు. తెలియజెప్పు శక్తి కలదు. జిల్లా న్యాయస్థానముననే న్యాయసేవాధికార సంస్థ యుండుననియు, అచ్చట పేదవానికి న్యాయవాది ఉచితముగ దొరకుననియు, 15100 అను నంబరుకు ఎవరైనను ఫోను చేయవచ్చుననియు ఎన్ని ఇండ్లలో తెలియును? 1987 శాసనముచే ఏర్పడిన ఈ సదుపాయము కూలీల వాడలలో చాలమందికి వినని మాట. ఎనిమిదవ తరగతి పిల్లవాడు పౌరశాస్త్ర పాఠమును ఇంట చెప్పినచో, ఆ యింటి అద్దె గదిలోని పరదేశి వినవచ్చును.

పాఠముగ చెప్పుటకు లెక్కయు కలదు. గరిష్ఠ శిక్ష మూడేండ్లయినచో మూడవ వంతు ఎంత? ఏడేండ్లయినచో ఎంత? మొదటిదానికి ఒక సంవత్సరము, రెండవదానికి రెండు సంవత్సరముల నాలుగు నెలలు. ఆ దినమున ఒక మనిషికి జైలుగది తలుపు తెరవవలయును. ఆ లెక్క తెలిసినవాడు ఒకడు వెలుపల నున్నచో, లోపలివానికి అది జామీనుతో సమానము.